ఇంటిల్లిపాదీ వాయించిన మేళం: అమెరికా పల్లెల పాతకాలపు పోల్కా సంగీతం

సంగీతాభిమానులైన పెద్దలకు, మిత్రులకు నమస్కారం. అమెరికా సంగీతం అనగానే మన సభల్లో జాజ్, బ్లూస్, రాక్ ప్రస్తావనకు వస్తాయి. మిన్నెసోటా, విస్కాన్సిన్, డకోటా రాష్ట్రాలలోనూ, దక్షిణాన టెక్సాస్‌లోని కొన్ని కౌంటీలలోనూ (మన జిల్లాల వంటివి), పొలం పని చేసుకునే కుటుంబాలు తరతరాలుగా వాయిస్తూ వచ్చిన పోల్కా సంగీతం మాట రావడం మాత్రం అరుదు. ఆ కుటుంబ మేళాల గురించి, వాటిలో వాయించినవారి గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. ఆ మేళాలలో ఎవరు ఏ వాయిద్యం పట్టాలన్నది చాలావరకు ఇంటి అవసరమే నిర్ణయించిందనీ, ఆ నిర్ణయమే క్రమంగా ఆ సంగీతపు నాదంగా స్థిరపడిందనీ నేను నమ్ముతున్నాను. ఈ సంగీతాన్ని టోపీలు పెట్టుకుని బీరు తాగుతూ చేసే వినోదంగా చూడటం అక్కడి నగరవాసులకు చాలాకాలంగా అలవాటు. ఆ చూపు అన్యాయమైనదని నా అభిప్రాయం.

పోల్కా బొహీమియాలో, అంటే నేటి చెక్ దేశపు పశ్చిమ భాగంలో, 1830లలో పుట్టిన జంట నృత్యం. 1840లలో పారిస్ దానికి దాసోహమంది. అక్కడినుంచి లండన్‌కూ న్యూయార్క్‌కూ పాకింది. నగరాలలో ఆ మోజు కొన్నాళ్లకు చల్లారినా, మధ్య ఐరోపా పల్లెలలో మాత్రం పోల్కా పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ తప్పనిసరి అయిపోయింది. 19వ శతాబ్దం రెండో సగంలో భూమి కోసం అమెరికాకు వలస వెళ్లిన జర్మన్లు, చెక్‌లు, పోలిష్‌లు, స్లొవీనియన్లు దానిని తమతో పట్టుకెళ్లారు. ఒక్కొక్క జాతి స్థిరపడిన చోట ఒక్కొక్క బాణీ ఏర్పడింది. క్లీవ్‌లాండ్ స్లొవీనియన్ల బాణీలో మెడకు తగిలించుకుని వాయించే తిత్తి వాయిద్యం అకార్డియన్ ముందుంటే, విస్కాన్సిన్ చెక్‌ల బాణీలో ట్రంపెట్లు ముందుంటాయి. వీటన్నింటిలో నేను ఎక్కువ సేపు నిలవదలచుకున్నది మిన్నెసోటా నదీ తీరంలోని న్యూ అల్మ్ అనే పట్టణం దగ్గర.

న్యూ అల్మ్‌ను జర్మన్ వలసదారులు 1854లో స్థాపించారు. ఆ తరువాతి దశాబ్దాలలో బొహీమియా పశ్చిమపు అంచు నుంచి జర్మన్ మాట్లాడే కాథలిక్ కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చి చేరాయి. వారిలో పేదలు నది ఒడ్డున చిన్న చిన్న ఇళ్లు కట్టుకుని బాతుల జాతి పక్షులను పెంచుకున్నారు. ఆ పేటకు గూస్‌టౌన్ అన్న పేరు అలా వచ్చింది. కొందరు పట్టణంలోని మిల్లులలో పనికి కుదిరారు, కొందరు చుట్టుపక్కల పొలాలు కొన్నారు. చేతిలో వాయిద్యం లేని బంధువర్గం వారిలో అరుదు. పోల్కా, వాల్ట్జ్, షాటిష్, లెండ్లర్ అనే నృత్య గతులన్నింటినీ కలిపి వారు పాతకాలపు సంగీతం అన్నారు. ఫాక్స్‌ట్రాట్ వంటి కొత్త నృత్యాలు వచ్చాక డాన్సు హాళ్లవారు ఒక రాత్రి పాతకాలపు సంగీతం, ఒక రాత్రి ఆధునిక సంగీతం అని విడివిడిగా ప్రకటించేవారు.

ఈ ప్రాంతపు మేళానికి ప్రాణం కాన్సర్టీనా అనే వాయిద్యం. దానిని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే మన హార్మోనియానికీ దానికీ నిజమైన చుట్టరికం ఉంది. గాలి తగిలి కంపించే లోహపు నాలుక, అంటే రీడ్, రెండింటిలోనూ నాదానికి మూలం. తేడా అంతా తిత్తి దగ్గర ఉంది. హార్మోనియంలో ఎడమ చెయ్యి తిత్తి ఊదుతుంది, కుడి చెయ్యి మెట్లు నొక్కుతుంది. గాలి ఎటునుంచి వచ్చినా ఒక మెట్టుకు ఒకటే స్వరం. జర్మనీలోని కెమ్నిట్జ్ పట్టణంలో కార్ల్ ఫ్రీడ్రిక్ ఊలిగ్ 1834లో రూపొందించిన కాన్సర్టీనాలో రెండు చేతులూ తిత్తికి రెండు పక్కలా ఉన్న గుండీలమీదే ఉంటాయి, తిత్తిని కదిలించే పని కూడా ఆ చేతులదే. పైగా, ఒకే గుండీ తిత్తిని మూసేటప్పుడు ఒక స్వరం, తెరిచేటప్పుడు మరో స్వరం పలుకుతుంది. అమెరికాలో ప్రామాణికమైన నమూనాలో 52 గుండీలు, 104 స్వరాలు. ఒక్కో స్వరానికి రెండు, మూడు, నాలుగు రీడ్లు అమర్చినవి కూడా ఉన్నాయి కాబట్టి, మైకు లేని కొట్టంలో కూడా దాని గొంతు వందల పాదాల చప్పుడును దాటి వినబడేది.

అంత చిక్కైన వాయిద్యాన్ని చదువు అంతగా లేని పొలం పిల్లవాడు ఎలా నేర్చుకున్నాడన్నది ఆసక్తికరమైన విషయం. ప్రతి గుండీ పక్కన ఒక అంకె, లేదా ఒక గుర్తు ఉంటుంది. అచ్చు పుస్తకంలో ఆ అంకెలూ, తిత్తిని ఎప్పుడు మూయాలి ఎప్పుడు తెరవాలి అన్న గుర్తులూ వేసి ఉంటాయి. అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపి రాకపోయినా, అంకెలు చదవగలిగితే పాట మొదలుపెట్టవచ్చు. అంకెలు దారి చూపించినా, తిత్తిని ఎక్కడ విరవాలో, నాట్యం చేసేవారి అడుగుకు సరిపోయేలా స్వరాన్ని ఎంత పొట్టిగా కత్తిరించాలో పుస్తకం చెప్పదు. అది తండ్రి మోకాలి మీది కాన్సర్టీనాను రోజూ చూస్తే వచ్చే విద్య. న్యూ అల్మ్ బాణీలోని ఆ చురుకైన, తునిగిన స్వరం గురుముఖతః కాక గృహముఖతః వచ్చిందని అంటే అతిశయోక్తి కాదు.

ఆ ప్రాంతం నుంచి దేశమంతా పేరు తెచ్చుకున్న మొదటి సంగీతకారుడు హాన్స్ విల్‌ఫార్ట్. వాయిస్తూ వాయిస్తూ ఉత్సాహం పట్టలేక కేక పెట్టే అలవాటు వల్ల ఆయనకు హూపీ జాన్ అన్న పేరు స్థిరపడింది. ఆయన 1893లో న్యూ అల్మ్ దగ్గరి పొలంలో పుట్టారు. కాన్సర్టీనా చిన్నతనంలోనే చేతికి వచ్చింది. మొదటి మేళంలో ఆయనతోపాటు వాయించినవారు ఆయన సోదరుడు ఎడ్వర్డ్, బంధువు ఎడ్వర్డ్ క్రెట్ష్. ముగ్గురు కుర్రవాళ్లు, ఒకే బంధువర్గం. బేరం కుదుర్చుకోవడానికీ సాధన చేయడానికీ ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. పెళ్లిళ్లూ, కొట్టాలలో జరిగే నాట్యాలూ వారి మొదటి వేదికలు. 1920ల చివరినుంచి గ్రామఫోను కంపెనీలు ఆయన మేళాన్ని రికార్డు చేయసాగాయి, రేడియో ఆయన గొంతును చుట్టుపక్కల రాష్ట్రాల వంటిళ్లదాకా మోసుకుపోయింది. మేళం పెద్దదయ్యాక బయటివారైన నిపుణులు చేరారు. అయినా ఆయన కొడుకులు కూడా అందులో వాయించారు. 1961లో ఆయన కన్నుమూసే నాటికి ఆ మేళం బండిమీద వెళ్లగల దూరంలోని పల్లెలకు కాదు, అనేక రాష్ట్రాల డాన్సు హాళ్లకు తిరిగే పెద్ద సంస్థ.

ఇక మేళంలో ఎవరి పని ఏమిటో చూద్దాం. పోల్కా రెండు దెబ్బల తాళం. ట్యూబా అనే పెద్ద ఇత్తడి ఊదుడు వాయిద్యం వాయించేవాడు ఒక దెబ్బకు షడ్జం, మరో దెబ్బకు మంద్ర పంచమం వేస్తూ పోతాడు. ఆ దెబ్బల నడుమ ఖాళీలలో డ్రమ్మూ, వెనక వరుస వాయిద్యాలూ పొట్టి పొట్టి స్వరాలతో బదులిస్తాయి. ధూం-చక్, ధూం-చక్ అని మనకు వినబడేది ఇదే. దానిమీద కాన్సర్టీనా, ట్రంపెట్లు, క్లారినెట్లు, శాక్సఫోన్లు వంతులవారీగా పాటను అందుకుంటాయి. రెండు భాగాలు తిరిగి తిరిగి వాయించిన తరువాత ట్రియో అనే మూడో భాగం వస్తుంది. అక్కడ మేళమంతా ఒక్కసారిగా ఆధార శ్రుతిని మార్చి, అంతదాకా మధ్యమంగా ఉన్న స్వరాన్ని షడ్జంగా చేసుకుంటుంది. మధ్యమ శ్రుతిలో పాడే కీర్తనలు విన్న మన చెవికి ఆ మలుపులోని మెత్తదనం వెంటనే పట్టుబడుతుంది. అప్పటిదాకా గంతులు వేస్తున్న పాట ట్రియోలో సాఫీగా, పాడుకునేలా మారుతుంది. నాట్యం చేసేవారు కూడా అక్కడ కాస్త ఊపిరి తీసుకుంటారు.

ఈ ఏర్పాటులో గొప్పతనమంతా ముందు నిలబడినవారిదే అనుకోవడం సహజం. కానీ రాత్రి ఎనిమిదికి మొదలై అర్ధరాత్రి దాకా సాగే నాట్యంలో తాళం ఒక్క వెంట్రుకవాసి జారినా వందలాది అడుగులు తడబడతాయి. ఆ బాధ్యత ట్యూబాది. వెనక వరుసలో ఖాళీలు నింపే స్వరాలు వేసేవాడు రాత్రంతా పాట ముఖం ఎరగడు. అయినా అతడు లేకపోతే పాట నేలమీద నిలవదు. బయటినుంచి కూలికి తెచ్చుకున్న వాయిద్యకారుడు ఆ పనికి ఎక్కువకాలం ఒప్పుకోడు, తన వంతు పాట తనకు కావాలంటాడు. ఇంట్లో రెండోవాడు, మూడోవాడు ఒప్పుకుంటారు. ఇల్లు నడవడానికి ఎవరో ఒకరు పశువులకు మేత వేయాల్సినట్టే మేళం నడవడానికి ఎవరో ఒకరు ట్యూబా మోయాలి. ఈ మాట చెప్పడానికి నాకు బలమైన ఉదాహరణ ఇంటి మేళం కాని ఒక మేళం నుంచే దొరుకుతుంది. న్యూ అల్మ్‌లోనే 1932లో సిక్స్ ఫ్యాట్ డచ్‌మెన్ అనే మేళాన్ని స్థాపించిన హెరాల్డ్ లోఫెల్‌మాకర్ ట్యూబా వాద్యకారుడు. నాయకుడు వెనక వరుసలో ఉండి మేళాన్ని నడపడం అక్కడివారికి వింతగా తోచలేదు, ఎందుకంటే ఆ వాయిద్యం విలువ వారికి తమ ఇళ్లలోనే తెలుసు.

టెక్సాస్‌లోని ఫేయెట్‌విల్ అనే చిన్న ఊరి బాచా కుటుంబం ఈ విషయంలో అన్నిటికన్నా నిండైన ఉదాహరణ. ఫ్రాంక్ బాచా నేటి చెక్ దేశపు తూర్పు భాగమైన మొరావియాలో 1860లో పుట్టి, పసితనంలోనే కుటుంబంతో టెక్సాస్ చేరారు. ఆయనకు 13 మంది సంతానం. పిల్లలకు తానే వాయిద్యాలు నేర్పి, 1892లో ఇంటి మేళం కట్టారు. ఆయన 1907లో పోయాక కొడుకు జో నాయకత్వం తీసుకున్నారు. జో 1920లో పోయాక మరో కొడుకు జాన్ అందుకున్నారు. ఆ తరువాత మనుమల తరం. ఒక మనిషి పోయిన చోట మేళం ఆగిపోకుండా మరో మనిషి నిలబడటం ఆ కుటుంబం పెద్దది కావడం వల్లే సాధ్యమైంది. వారి మేళంలో చిన్న సుత్తులతో తీగలను మీటే డల్సిమర్ ఉండేది. అది మన కాశ్మీరపు సంతూర్ జాతి వాయిద్యమే. ఇత్తడి వాయిద్యాల గంభీర నాదం మధ్య ఆ తీగల చినుకుల వంటి ధ్వని బాచా మేళానికి ప్రత్యేకమైన గుర్తు అయింది.

వారు వాయించిన చోట్ల గురించి ఒక మాట చెప్పాలి. టెక్సాస్ చెక్‌లు 1897లో లా గ్రేంజ్‌లో ఒక సహాయ సంఘం పెట్టుకున్నారు, దానిని ఎస్‌పీజేఎస్‌టీ అంటారు. సభ్యుడు చనిపోతే కుటుంబానికి బీమా సొమ్ము ఇవ్వడం దాని అసలు పని. ఆ సంఘం శాఖలు కట్టుకున్న హాళ్లే నాట్యశాలలయ్యాయి. పగలు సంఘం సమావేశం జరిగిన చోటే రాత్రి పోల్కా నడిచేది. పసిపిల్లలను కూడా తెచ్చుకునేవారు. వారు గోడవారన దుప్పట్లమీద నిద్రపోతుంటే తల్లిదండ్రులు నాట్యం చేసేవారు. నడక వచ్చీరాని పిల్లలు తాతల బూట్లమీద కాళ్లు పెట్టి అడుగులు నేర్చుకునేవారు. మన కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక కుటుంబాలలో పిల్లలు రంగస్థలంమీదే పెరిగి పాత్రలను తల్లిదండ్రుల నుంచి అందుకున్న తీరు తెలిసినవారికి ఈ వాతావరణం కొత్తగా అనిపించదు.

విస్కాన్సిన్‌లోని మానిటోవాక్, కెవానీ కౌంటీల చెక్ కుటుంబాల నుంచి వచ్చిన రోమీ గోష్ కథ మరో కోణం చూపిస్తుంది. తండ్రి పాల్ గోష్ మేళంలో అన్నదమ్ములతోపాటు రోమీ పియానో వాయించేవారు. 1928లో, ఇరవై ఏళ్లు కూడా నిండకముందే, మేళాన్ని తన చేతిలోకి తీసుకున్నారు. తరువాత కొన్నేళ్లకు పియానో వదిలి ట్రంపెట్ పట్టారు. ఆ వాయిద్యంతోనే చరిత్రలో నిలిచారు. ఆయన స్వరం నిదానమైనది, బరువైనది, అంచున సన్నగా వణికేది. న్యూ అల్మ్ మేళాల తునిగిన స్వరానికి అది పూర్తిగా ఎదురు దారి. ఒక వాయిద్యకారుడు అవసరాన్నిబట్టి ఒక వాయిద్యం నుంచి మరొకదానికి మారి, అందులోనే తన గొంతు కనుక్కోవడం ఇంటి మేళాలలో పెరిగినవారికి కష్టమైన పని కాదు. ఇంట్లో అన్ని వాయిద్యాలూ అందుబాటులో ఉంటాయి, ఏది ఎప్పుడు పట్టాల్సి వస్తుందో తెలియదు కాబట్టి అన్నీ కొంత కొంత నేర్చుకునే ఉంటారు.

వాయిద్యం కొనడమంటే ఆ ఇళ్లలో చిన్న విషయం కాదు. నార్త్ డకోటాలోని స్ట్రాస్‌బర్గ్ దగ్గరి పొలంలో 1903లో పుట్టిన లారెన్స్ వెల్క్, తరువాతి కాలంలో టెలివిజన్ ద్వారా దేశమంతటికీ తెలిసిన మనిషి, కుర్రవాడిగా ఉన్నప్పుడు 400 డాలర్ల అకార్డియన్ కావాలని తండ్రిని అడిగారు. ఒక పేద రైతుకు ఆనాడు అది పెద్ద మొత్తం. తండ్రి కొనిచ్చారు, అందుకు బదులుగా 21 ఏళ్లు నిండేదాకా పొలంలో పని చేస్తానని, వాయించి సంపాదించినదంతా ఇంటికే ఇస్తానని కొడుకు మాట ఇచ్చారు. మాట నిలబెట్టుకుని, 1924లో, 21వ పుట్టినరోజున ఇల్లు విడిచి బయలుదేరారు. ఆయన టెలివిజన్ సంగీతం నాకు మరీ నునుపుగా తోస్తుంది, పల్లె మేళాల గరుకుదనం అందులో దొరకదు. కానీ ఆ ఒప్పందం ఒక్కటి చాలు, అకార్డియన్ ఆ ఇళ్లలో ఎడ్లజత లాగే కుటుంబపు పెట్టుబడిగా లెక్కకు వచ్చేదని తెలుసుకోవడానికి.

ఆ ఇళ్ల ఆడవారి గురించి రికార్డుల అట్టలమీద తక్కువగా ఉంటుంది. పియానో దగ్గర, డ్రమ్ముల దగ్గర కూతుళ్లు కనబడే ఫోటోలు ఉన్నాయి. వేదిక ఎక్కనివారి పని అంతకన్నా పెద్దది. భర్త, కొడుకులు రాత్రి రెండింటికి ఇంటికి చేరి, తెల్లవారుజామున పాలు పితకడానికి లేవలేకపోతే ఆ పాలు పితికినది ఎవరు? ఉత్తరాలు రాసి కార్యక్రమాలు ఒప్పుకున్నది, లెక్కలు చూసినది, మేళం దుస్తులు కుట్టి ఇస్త్రీ చేసినది ఎవరు? కుటుంబ మేళం అన్న మాటకు పూర్తి అర్థం చెప్పాలంటే వీరిని కూడా వాయించినవారి లెక్కలోనే చేర్చాలని నేను గట్టిగా కోరతాను.

ఈ కుటుంబాలకు చరిత్ర ఎప్పుడూ అనుకూలంగా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా జర్మనీమీద యుద్ధం ప్రకటించాక, జర్మన్ మాట్లాడటమే అనుమానానికి తావిచ్చింది. 1917 జులైలో న్యూ అల్మ్‌లో, జర్మన్ సంతతివారిని ఐరోపా రణరంగానికి బలవంతంగా పంపవద్దని కోరుతూ పెద్ద సభ జరిగితే, రాష్ట్ర ప్రభుత్వం ఆ పట్టణపు మేయరునూ న్యాయవాదినీ పదవులనుంచి తొలగించింది. భాషను బహిరంగంగా పలకడానికి జంకే రోజులలో, మాటలు లేని వాద్య సంగీతం ఆ ప్రజలు తమదనాన్ని కాపాడుకున్న చోటు అయిందని నేను భావిస్తాను. 1920లో మద్యనిషేధం వచ్చింది. ఆ చట్టానికి తన పేరు ఇచ్చిన ఆండ్రూ వోల్‌స్టెడ్ అదే మిన్నెసోటా నదిమీద ఎగువన ఉన్న గ్రానైట్ ఫాల్స్‌వాడే. 1933దాకా బీరు చట్టవిరుద్ధమైనా మేళాలు ఆగలేదు, పైగా హూపీ జాన్ పేరు మోగినది ఆ కాలంలోనే. బీరు లేనిదే పోల్కా లేదనేవారికి ఇంతకన్నా సమాధానం అక్కరలేదు.

మేళాలు తగ్గిపోవడం ఆ తరువాత, శాంతికాలంలో జరిగింది. 1950లలో టెలివిజన్, రాక్ సంగీతం వచ్చి యువతను లాక్కుపోయాయని అంటారు. నిజమే కానీ, నా దృష్టిలో అది సగం కారణం. ట్రాక్టర్లూ పాలుపితికే యంత్రాలూ వచ్చాక పొలాలు పెద్దవయ్యాయి, పొలంమీద బతికే ఇళ్లు తగ్గాయి, పదమూడు మంది పిల్లలున్న కుటుంబం కథగా మిగిలింది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ట్యూబాకు మనిషి దొరకడు. అభిరుచి మారకపోయినా, ఇంటి మేళం కట్టడానికి ఇల్లే చాలకుండా పోయింది. ఆ తరువాత మేళాలు స్నేహితులతోనూ, బడి బ్యాండ్లలో నేర్చుకున్నవారితోనూ నడిచాయి.

గుర్తింపు కూడా వచ్చింది, పోయింది. 1986లో గ్రామీ పురస్కారాలలో పోల్కాకు విడిగా ఒక విభాగం పెట్టి, మొదటి బహుమతి క్లీవ్‌లాండ్ బాణీకి చెందిన ఫ్రాంకీ యాంకోవిక్‌కు ఇచ్చారు. 2009లో ఆ విభాగాన్ని తీసేశారు. విస్కాన్సిన్ 1993లో పోల్కాను రాష్ట్ర నృత్యంగా ప్రకటించింది. న్యూ అల్మ్‌లో కాన్సర్టీనాలు చేతితో తయారుచేసిన క్రిస్టీ హెంగెల్‌కు 1989లో జాతీయ వారసత్వ పురస్కారం లభించింది. గ్రామీకన్నా దీనినే నేను గొప్పగా తలుస్తాను. వందలకొద్దీ రీడ్లను ఒక్కొక్కటిగా గీకి శ్రుతి కలిపే మనిషి లేకపోతే, పాటలు ఎందరికి వచ్చి ఉన్నా వాయించడానికి వాయిద్యమే ఉండదు.

ఇప్పుడు మీకు రెండు రికార్డులు వినిపిస్తాను. మొదటిది హూపీ జాన్ మేళానిది. మొదటిసారి విన్నప్పుడు కాన్సర్టీనాను వదిలేసి, అడుగున ట్యూబాను మాత్రమే అనుసరించండి. ట్రియో వచ్చినప్పుడు షడ్జం ఎక్కడికి జరిగిందో మీ గొంతులో మీరే పట్టుకుని చూడండి. రెండోది బాచా మేళానిది. పాత రికార్డు కాబట్టి గరగర వినిపిస్తుంది, కాస్త ఓపిక పట్టి వినవలసిందిగా కోరుతున్నాను.